ఆరిన చల్లపెట్టె, లచ్చవ్వ తొక్కు

"ఫ్రిజ్‌లోనే ఉంది కదా సార్, ఏమవుతుంది?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. హోటళ్ల వాళ్లు అన్నారు, హాస్టల్ వార్డెన్లు అన్నారు, పెళ్లి వంటల వాళ్లు అన్నారు. పోయిన వారం మా మనవరాలు చట్నీ గిన్నె చేత్తో పట్టుకొచ్చి అదే మాట అంది. నేను గిన్నె వైపు చూడకుండా, "మొన్న కరెంటు ఎంతసేపు పోయిందే?" అని అడిగాను. "నేను అడిగిందేంది తాతా, నువ్వు మాట్లాడేదేంది?" అని నవ్వింది. నవ్వనివ్వండి, పోయింది పది నిమిషాలేనని చెప్పించుకున్నాను. గిన్నె మాత్రం బయట పెట్టించి, అరగంట ఆగి, అప్పుడు వాసన చూశాను. బాగానే ఉంది. తినమన్నాను.

ఆహార తనిఖీ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, అనుభవాలు రాయమని అడిగారు. నమూనా ఎలా తీయాలి, సీసాకు సీలు ఎలా వేయాలి అన్నవి పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే మీకే బాగా గుర్తుంటాయి. నా ప్రమోషన్ల కథ మా ఆవిడే వినదు, మీరెందుకు వినాలి? అందుకని నాకు ఈ పని నేర్పిన ఒక్క జాడీ గురించే రాస్తాను. ఆ జాడీ వల్ల ఒక ఆడపిల్ల కాపురం పోయినంత పనైంది. తప్పు ఆమెది కాదు.

నీలం మంట

నేను మొదట చేరింది సర్కారు కొలువులో కాదు. సిద్దిపేటలో ఒక బట్టల వ్యాపారి తన తండ్రి పేరున నడిపిన ధర్మ దవాఖానలో చేరాను. ఎనిమిది మంచాలు, ఒక వంటిల్లు, వెనకాల చేదబావి. ఇప్పుడు ఆ జాగలో దాని ఆనవాలు కూడా లేదు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. వంటిల్లు, బావి, స్టోరు గది శుభ్రంగా ఉన్నాయో లేదో చూడటం, చుట్టుపక్కల ఊళ్లలో గత్తర, అంటే కలరా, తగిలితే పోయి బావుల్లో మందు కలపడం నా పని. కాగితం మీద నా హోదా ఏమిటో ఇప్పుడు గుర్తులేదు. అందరూ 'దరోగ' అనేవారు. అందులో సగం మర్యాద, సగం వెటకారం.

దవాఖానకు పెద్ద డాక్టరు హమీద్ సాబు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, రోగులకు కాచిన గంజి తాను ఒక గుక్క తాగి చూశాకే వార్డులోకి వెళ్లేవారు. నేను తరువాత చాలామంది అధికారుల దగ్గర పనిచేశాను. రోగి తినేది తాను తిని చూసిన అధికారి మాత్రం మళ్లీ నాకు తగల్లేదు.

దవాఖానకు ఒక చల్లపెట్టె ఉండేది. వ్యాపారి హైదరాబాదులో ఎవరి దగ్గరో పాతది కొని, సూదిమందులు దాచడానికి పంపాడు. అది కరెంటుతో నడిచేది కాదు, గాసునూనెతో, అంటే కిరసనాయిలుతో నడిచేది. కింద నూనె తొట్టి, అందులో వత్తి, వత్తికి నీలం మంట. కింద మంట పెడితే పైన చల్లబడటం ఏమిటో ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ పట్టలేదు. జనం పనిగట్టుకుని చూడటానికి వచ్చేవాళ్లు. ఒక ముసలాయన లోపల చెయ్యి పెట్టి, గబుక్కున తీసి, "లోపట ఎవడన్న కూసోని ఊదుతున్నడా?" అని అడిగాడు. ఆయన ఏమాత్రం నవ్వలేదు.

ఆ పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. రోజూ నూనె చూడటం, వత్తి కత్తిరించడం నా బాధ్యత. గాసునూనె కంట్రోలులో దొరికే రోజులు కాబట్టి చుక్క చుక్కా చూసి పోసేవాణ్ణి. సాబు మొదటిరోజే చెప్పారు: "గీ మంట ఆరిందంటే నీ నౌకరీ ఆరిందనుకో మియా."

ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

లచ్చవ్వ దగ్గర చదువు

దవాఖాన వంట లచ్చవ్వది. యాభై ఏళ్లుంటాయి. ఆమె పెట్టిన తొక్కుకు, అదే ఊరగాయకు, ఊళ్లో పేరు. ఎండాకాలం వచ్చిందంటే బజారు వాళ్లు కూడా ఆమె ఇంటికి మామిడికాయలు మోసుకొచ్చి, జాడీలు నింపించుకుని పోయేవాళ్లు. ఇంట్లో కొడుకు మల్లయ్య, కోడలు బాలమ్మ. బాలమ్మ పుట్టిల్లు తొగుట. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. మాట తక్కువ, చెయ్యి చురుకు. రోట్లో ఆమె దంపే చప్పుడు దవాఖాన దాకా వినపడేది.

నేను చేరిన పదో రోజున, పెత్తనం చూపించాలన్న ఉబలాటంతో, లచ్చవ్వ నిమ్మకాయ జాడీ మూత తీయించాను. ముక్కల మీద తెల్లగా ఏదో పట్టి ఉంది. బూజు అన్నాను. జాడీ ఎత్తి పెరట్లో గుంతలో కుమ్మరించాను. లచ్చవ్వ అడ్డం రాలేదు. చివరి ముక్క పడేదాకా చూసి, అప్పుడు అంది:

"అయిపాయెనా దరోగ సారూ? ఇగ గా తెల్లది జరంత నాలుక మీద ఏస్కో."

వేసుకున్నాను. ఉప్పు. ఎండకు పైకి తేలి గట్టిపడిన ఉప్పు.

"ఉప్పైతే గరగర అంటది. బూజైతే ఏలికి జిగటగ తాకుతది, నూగు లెక్క లేస్తది. గంత తెల్వకనే ఏడాది తొక్కు నేలపాలు జేస్తివి," అంది. ఆ మధ్యాహ్నం రోగులకు గంజిలోకి ఏమీ లేదు. వాళ్లు మూతి ముడుచుకుని తాగుతుంటే నేను వార్డులోకి పోలేకపోయాను.

పాడైనదాన్ని తినమనడం ఎంత తప్పో, బాగున్నదాన్ని పారబోయించడం కూడా అంతే తప్పు. రెండోది చేస్తే ఎవరూ మిమ్మల్ని అడగరు, పైగా గట్టి అధికారి అని మెచ్చుకుంటారు. అందుకే అది ఎక్కువ జరుగుతుంది.

ఆ తరువాత నేను లచ్చవ్వ వెనకాలే తిరిగి నేర్చుకున్నాను. ఆమె జాడీ దగ్గర కూర్చోగానే మూత తీసేది కాదు. "ఎన్నడు పెట్టిన్రు? ఎవలు తీసిన్రు? తడి చెయ్యేమన్న తగిలిందా?" అని ముందు అడిగేది. తరువాత జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి దాని లోపలి వైపు చూసేది, చెమ్మ ఉందేమోనని. తరువాత నూనె ముక్కల పైకి ఉందా లేదా అని చూసేది. గరిటెతో అడుగు నుంచి ఒక్కసారి కలిపి, అప్పుడు వాసన. నాలుక చిట్టచివర. పైపైన వాసన చూసేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లుమంట.

ఆమె అడిగే ప్రశ్నల్లో ఇంకొకటి కూడా ఉండేది. "బయటున్నోళ్లు ముట్టలేదు గద?" నెలసరి రోజుల్లో ఉన్న ఆడమనిషి చెయ్యి, చివరికి నీడ పడ్డా సరే, తొక్కు బూజు పడుతుందని ఆమె గట్టి నమ్మకం. ఆమెది ఒక్కటేమిటి, మా ఊళ్లలో అందరిదీ అదే. మా అవ్వ కూడా ఆ మూడు రోజులూ తొక్కుల అర్రకు గొళ్లెం పెట్టేది. నేను నాలుగు ఇంగ్లిషు పాఠాలు చదివినవాణ్ణే. అయినా లచ్చవ్వ ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఉప్పు తగ్గించిన తొక్కు

ఆ ఎండాకాలం వార్డులో దౌల్తాబాద్ నుంచి వచ్చిన ఎల్లయ్య అనే ముసలాయన ఉండేవాడు. కాళ్లు, మొహం వాచిపోయి వచ్చాడు. ఉప్పు తగ్గించాలని సాబు హుకుం. ఎల్లయ్య చప్పిడి గంజి ముంత పక్కకు నెట్టి, "తొక్కు లేని గంజి గొంతుల దిగది సాబ్, సంపుతే సంపుండ్రి," అన్నాడు. మిగిలిన మంచాల వాళ్లు కూడా అదే పాట అందుకున్నారు.

సాబు ఆలోచించి లచ్చవ్వను పిలిచారు. దోరకాయలతో, ఉప్పూ కారం నూనె బాగా తగ్గించి, కాస్త బెల్లం వేసి, వారానికి సరిపడా చిన్న జాడీ పెట్టమన్నారు. లచ్చవ్వ ఒప్పుకోలేదు.

"ఉప్పు లేదు, నూనె లేదు, కాయల పులుపు లేదు. మరి గా తొక్కును కాసేది ఎవలు సాబ్? రెండు దినాలు సుత నిలువది."

"పెట్టె కాస్తది," అన్నారు సాబు.

అలాగే జరిగింది. బాలమ్మ దంచి కలిపేది, లచ్చవ్వ రుచి చూసేది, నేను జాడీని పెట్టెలో పెట్టి తాళం వేసేవాణ్ణి. నాలుగు వారాలు ఏ లోటూ లేకుండా గడిచింది. ఎల్లయ్య గంజి తాగాడు, వాపు తగ్గింది. లచ్చవ్వ కూడా పెట్టెను మెచ్చుకుంది. పెట్టె మంటను కాపాడేది నేనే కాబట్టి ఆ మెప్పులో నా వంతు నేను తీసుకున్నాను. ఆ నాలుగు వారాలు గుర్తొస్తే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. పొద్దున్నే రోటి చప్పుడు, మామిడి వాసన, వార్డులోంచి ఎల్లయ్య కేక: "దరోగా, పెట్టె తెరువయ్యా, ఆకలైతుంది!"

కోహెడ నుంచి వచ్చిన పూట

అయిదో వారం కోహెడలో గత్తర అని కబురొచ్చింది. సాబు పెట్టెలోని సూదిమందులన్నీ తీయించి నాతో పంపారు. ఆయన మరో ఊరు వెళ్లారు. బండి వాకిట్లో నిలబడి ఉంది, బండివాడు తొందర పెడుతున్నాడు. నేను పెట్టె తొట్టిలో నూనె చూడలేదు. ముందురోజే చూశాను కదా, ఉంటుందిలే అనుకున్నాను. తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకుని బండెక్కాను. పెట్టెలో మిగిలింది ఒక్క తొక్కు జాడీ. బాలమ్మ ముందురోజు కలిపినది.

కోహెడలో మూడు రోజులు పట్టింది. తిరిగి వచ్చింది మిట్టమధ్యాహ్నం. వాకిట్లో వంటవాళ్లు లేరు, సాబు ఇంకా రాలేదు. స్టోరు గదిలోకి పోతే పెట్టె కింద నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. వంగి చూశాను. మంట లేదు. తొట్టి ఎండిపోయి ఉంది. తలుపు తీస్తే లోపల పొయ్యి పక్కన ఉన్నట్టు వెచ్చగా తగిలింది.

మంట ఆరిందంటే నౌకరీ ఆరింది. అది తప్ప ఇంకేమీ తోచలేదు. గుడ్డ తెచ్చి నీళ్లు తుడిచాను. నూనె పోశాను. వత్తి కత్తిరించి ముట్టించాను. తలుపు వేసి తాళం పెట్టి, ఏమీ ఎరగనట్టు బావి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను.

మరునాడు గంజి వేళకు పెట్టె మళ్లీ మంచులా చల్లబడింది. జాడీ తీసి చూశాను. పైన బూజు లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఏ వాసనా లేదు. కొంచెం నాలుక మీద వేసుకున్నాను, చల్లగా జివ్వుమంది తప్ప ఏం తెలియలేదు. బాగానే ఉందని నన్ను నేను నమ్మించుకుని లచ్చవ్వ చేతికిచ్చాను. "ఎట్లున్నది?" అని అడిగింది ఆమె. "మంచిగుంది," అన్నాను. పెట్టెలోది కదా అని ఆమె ఇంకేమీ అడగలేదు.

కల్లు వాసన

సాయంత్రానికి ఆరుగురికి వాంతులు, విరేచనాలు. అందరిలోకి ఎల్లయ్య పరిస్థితి కష్టమైంది. వాపు దిగి లేచి తిరుగుతున్న మనిషి మళ్లీ మంచానికి అంటుకుపోయాడు. సాబు అప్పుడే ఊరి నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా వార్డులో నిలబడ్డారు.

తెల్లారి సాబు మిగిలిన తొక్కును గిన్నెలో వేయించి, మూత పెట్టి, కిటికీలో ఎండ పక్కన ఒక గంట ఉంచారు. తరువాత నన్ను పిలిచి మూత తీశారు.

"ఇప్పుడు జూడు వాసన."

నాలుగు రోజుల కల్లు వాసన గుప్పుమంది. నేను మొహం తిప్పుకున్నాను.

"చల్ల చేస్తే పాడైంది మంచిగ కాదు మియా. నోరు మూస్కుంటది, అంతే," అన్నారు సాబు. తరువాత నా కళ్లలోకి చూస్తూ అడిగారు: "పెట్టె ఏమన్న ఆరిందా?"

"లేదు సాబ్," అన్నాను.

ఆ ఒక్క మాటతో బరువంతా వేరేవాళ్ల మీదికి పోయింది. కాంపౌండరు నర్సింహులు వరండాలోనే లెక్క తేల్చాడు. "తాళం దరోగ దగ్గర. పెట్టె చల్లగనే ఉన్నది. అంటే కలిపిన చెయ్యే మంచిది కాదు. గా పొల్ల ఎన్నడు బయట కూసున్నదో అడుగుండ్రి."

అడిగారు. జాడీ కలిపిన మరునాడే బాలమ్మ బయట చేరింది. అంతే చాలింది. ముందే మొదలైందని, తెలిసీ దాచిందని, పని తప్పుతుందని భయపడిందని బావికాడ ఎవరికి తోచింది వాళ్లు అల్లారు. బజారు వాళ్లు లచ్చవ్వకు ఇచ్చిన మామిడికాయలు తిరిగి తీసుకుపోయారు. లచ్చవ్వ కోడలిని తలుపు మూసి అడిగింది. బాలమ్మ కాదని ఒట్టు పెట్టింది. లచ్చవ్వ నమ్మలేదు. ఆరుగురు రోగులు కళ్లముందు పడి ఉన్నారు, కారణం ఏదో ఒకటి కావాలి కదా. కోడలిని తొగుటకు పంపించేస్తానంది. మళ్లీ తెచ్చుకుంటానని అనలేదు. మల్లయ్య తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు.

నేను ఇదంతా విన్నాను. ఒక్క మాట అంటే అయిపోయేది. నేను స్టోరు గదిలోకి పోయి వత్తి కత్తిరిస్తూ కూర్చున్నాను. నౌకరీ పోతుందన్న భయం ఒకటి, సాబు మొహం మీద అబద్ధమాడానన్న సిగ్గు ఇంకొకటి. ఆ రోజు నాకంటే పిరికివాడు సిద్దిపేటలో లేడు.

బండి

మరుసటి పొద్దున దవాఖానకు పోతుంటే లచ్చవ్వ ఇంటి ముందు కచ్చురం బండి నిలబడి ఉంది. వెనక ఒక ట్రంకుపెట్టె, మీద బట్టల మూట. బాలమ్మ కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుని ఉంది. లచ్చవ్వ గడపలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. పంపిస్తున్నదీ ఆమే, ఏడుస్తున్నదీ ఆమే.

నేను తల వంచుకుని దాటిపోబోయాను. బాలమ్మ పిలిచింది.

"సారూ, ఎల్లయ్య తాతకు నిమ్మళమైందా?"

ఆమె మొహంలో నా మీద అనుమానం లేదు, ఎవరి మీదా కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"నిమ్మళమైందమ్మా. గంజి తాగిండు," అన్నాను. తరువాత బండివాడితో, "ఎడ్లను ఇప్పు," అన్నాను.

"ఎందుకు?" అంది లచ్చవ్వ.

"పెట్టె ఆరింది లచ్చవ్వా. నేను కోహెడకు పోయినప్పుడు నూనె చూడలే. వచ్చేసరికి ఆరిపోయి ఉన్నది. ఎవలకు చెప్పకుండ మల్ల ముట్టించిన. తొక్కు పెట్టెలనే పాడైంది. గీ పిల్ల చేతుల కాదు."

లచ్చవ్వ నన్ను తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నా తప్పు లేదు. ఆమె గడప దిగి వచ్చి ఒక్కటే అడిగింది.

"డాక్టరు సాబుకు చెప్పినవా?"

"ఇంకా లేదు."

"నడు. గాడ సుత చెప్పు. నలుగుట్ల చెప్పు. నలుగుట్లనే గద నా కోడల్ని అన్నది."

కచ్చురం అక్కడే ఉంచి ముగ్గురం దవాఖానకు నడిచాం. వరండాలో నర్సింహులు, బావికాడి ఆడవాళ్లు, మంచాల మీది నుంచి లేచి వచ్చిన రోగులు, అందరి ముందూ చెప్పాను. సాబు మధ్యలో అడ్డం రాలేదు. నేను ఆగాక మొలతాడు వైపు చెయ్యి చాపారు. తాళంచెవి విప్పి ఇచ్చాను.

"నౌకరీ తీసేస్తరా సాబ్?"

"తీసేస్తె ఇంకో జాగల గిదే చేస్తవు," అన్నారు. "నువ్వు పెట్టెను జూసినవ్, చల్లగున్నది. తొక్కును జూసినవ్, చల్లగున్నది. నడుమ మూడు దినాల సంగతి ఎవలు జూడాలె?" తాళంచెవి జేబులో వేసుకుని మళ్లీ అన్నారు. "తప్పు నాది సుత ఉన్నది. నౌకరీ మీద బెదిరిస్తి. బెదిరిస్తె ఎవడు చెప్తడు?"

వార్డులోని ఆరుగురు కోలుకునేదాకా వాళ్ల పక్కలు ఉతకడం, ముంతలు కడగడం నా పని అయింది. ఎల్లయ్య ముంత అందిస్తూ ప్రతిసారీ, "దరోగా, నూనె ఉన్నదా?" అని అడిగేవాడు. ఆ వెక్కిరింత నాకు మందులా పనిచేసింది.

ఆ రోజు వరండాలో అంతా సద్దుమణిగాక బాలమ్మ నా దగ్గరికి వచ్చింది. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆమే ముందు మాట్లాడింది.

"గీ రెండు దినాలు నా మీద నాకే అనుమానం సారూ. తెల్వకుండ ఏమన్న చేసిన్నేమో అనుకున్న."

ఇన్నేళ్లలో నేను విన్న మాటల్లో ఇంతగా నన్ను కోసిన మాట లేదు. తాను చేయని తప్పును తనదే అనుకునేదాకా ఆ పిల్లను తీసుకుపోయాం, నేనూ, ఊరూ కలిసి.

మీకు చెప్పదలచుకున్నది

తరువాత సర్కారు ఉద్యోగంలో చేరి ఎన్నో జిల్లాలు తిరిగాను. ఎక్కడికి పోయినా అదే పద్ధతి. చల్లటి పదార్థాన్ని చల్లగా ఉండగా వాసన చూసి తీర్పు చెప్పవద్దు, బయటి వేడికి రానివ్వండి. వాసన బాగుంటే బాగున్నట్టేనని కూడా అనుకోకండి, కొన్ని పాడైనా మంచి వాసనే వేస్తాయి. దేని వల్ల నిలుస్తోందో ముందు తెలుసుకోండి. ఉప్పా, నూనెనా, పులుపా, చల్లదనమా? ఒక్క చల్లదనమే దిక్కైతే, అది మధ్యలో ఎప్పుడైనా తప్పిందా అని అడగండి. ఎంతసేపు తప్పిందో ఎవరూ చెప్పలేకపోతే పారబోయించండి. అప్పుడు నిమ్మకాయ జాడీ గుర్తొచ్చి నాకు చెయ్యి ఆడేది కాదు, అయినా పారబోయించాను.

అడగడం ఎలాగో కూడా చెప్పాలి. బల్ల మీద పుస్తకం తెరిచి, కలం పట్టుకుని అడిగితే ఏ వంటమనిషీ నిజం చెప్పడు. నేను అతని పక్కన పొయ్యి దగ్గర కూర్చుని, ముందు నా చల్లపెట్టె కథ చెప్పేవాణ్ణి. మా పై అధికారి ఒకాయన, "తనిఖీకి పోయి నీ తప్పులు చెప్పుకుంటావేమయ్యా, పరువు పోతుంది," అని కసిరారు. ఆయనకు దొరకని నిజాలు నాకు దొరికాయి. ఒక హాస్టల్లో నేను కథ ముగించగానే వంటాయన తల గోక్కుని, "సారూ, మా ఫ్రిజ్ సుత మొన్నటిసంది పనిచేస్తలేదు," అన్నాడు. ఆ పూట పిల్లలు తినబోయే చట్నీ ఆగిపోయింది.

ఇక చివరి మాట. తొక్కు పాడైతే ఎవరో ఒక ఆడమనిషి పేరు చెప్పి చేతులు దులుపుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడికి పోతే మీరు జాడీ మూత దగ్గర ఆగకండి. తడి గరిటె ఎక్కడుందో వెతకండి.

లచ్చవ్వ తనిఖీ

మరుసటి ఏడాది వానలు పడ్డాక నాకు హైదరాబాదులో సర్కారు ఉద్యోగం వచ్చింది. బస్సు ఎక్కే రోజున లచ్చవ్వ, బాలమ్మ ఇద్దరూ వచ్చారు. బాలమ్మ చంకలో మూడు నెలల పాప. లచ్చవ్వ చేతిలో చిన్న జాడీ, దానికి తెల్లటి వాసెన గుడ్డ.

"గిది నీకు," అంది.

మామూలు మామిడి తొక్కు, నిండుగా ఉప్పు, పైన వేలెడు నూనె. నేను వాసెన విప్పాను. ఎన్నడు పెట్టిన్రు, ఎవలు తీసిన్రు అని అడగాలి. గుడ్డ లోపలి వైపు చూడాలి. అడుగు నుంచి కలపాలి. అవేమీ చేయలేదు. వాళ్లిద్దరి మొహాలూ చూస్తూ ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. ఎర్రగా, పుల్లగా, వెల్లుల్లి ఘాటుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎట్లున్నది?" అంది లచ్చవ్వ.

"మంచిగుంది."

"మంచిగ చూసే చెప్తున్నవా? పోయినసారి సుత మంచిగనే ఉన్నదంటివి."

ముగ్గురం నవ్వాం. అప్పుడు లచ్చవ్వ బస్సు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పోయినేడు నువ్వు నలుగుట్ల చెప్పినంక నాకు నిద్ర రాలే బిడ్డా. మరి నేను ఇన్నేండ్లు నమ్మింది ఏంది అనిపించింది. తర్వాతి నెల బాలి బయట కూసున్న రెండో దినం, తలుపేసి, దాని చేతనే గీ తొక్కు కలిపిచ్చిన. అటుక మీద దాచిన. నెల నెల తీసి చూసిన. ఏడాది దాటింది. మల్లయ్య తిన్నడు, నేను తిన్న. ఏం గాలే."

బాలమ్మ తల వంచుకుని పాప జుట్టు సర్దుతోంది. నవ్వు దాచుకోలేకపోతోంది.

"నువ్వు ముక్క నోట్ల ఏస్కున్నంకనే చెప్దామనుకున్న," అంది లచ్చవ్వ. "ఎవలకు చెప్పకు. నమ్మరు, మల్ల దీన్నే అంటరు."

చెప్పనన్నాను. ఇన్నేళ్లూ చెప్పలేదు. బాలమ్మ కూడా పోయిందని ఈ మధ్యే తెలిసింది, అందుకే రాస్తున్నాను. నా జీవితంలో పరీక్ష చేయకుండా తిన్న తొక్కు అదొక్కటే. దాన్ని పరీక్షించడానికి నా అవసరం లేకపోయింది. ఆ పని లచ్చవ్వ ఏడాది పాటు చేసి పెట్టింది.